పొటోసీ వెండి, కొల్లూరు వజ్రం: తవ్వినోళ్లకు ఎంత ముట్టింది?

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగు. బస్సులో ఉంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, కూర్చుని వినండి.

ముందు ఒక నాణెం గురించి చెప్తా. వెండి నాణెం, బరువు 27 గ్రాములు. గుండ్రంగా కూడా ఉండదు, ఎవరో కత్తెరతో కత్తిరించి సుత్తితో కొట్టినట్టు వంకరటింకరగా ఉంటుంది. ఒకపక్క శిలువ, ఇంకోపక్క స్పెయిన్ రాజు ముద్ర. పక్కన చిన్నగా ‘పి’ అనే అక్షరం. ఆ పి అంటే పొటోసీ. ఇప్పటి బొలీవియాలో ఆండీస్ కొండల మీద, దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. ఈ నాణేన్ని ‘ఎనిమిది రియాళ్ల నాణెం’ అనేవాళ్లు. మనం ఇంగ్లీషులో స్పానిష్ డాలర్ అంటాం. అమెరికా డాలర్‌కు మోడల్ ఇదే. 1857 దాకా ఆ దేశంలో ఈ స్పానిష్ డాలర్ కూడా చట్టప్రకారం చెల్లింది. డాలర్ జీతం కోసం కలలు కనే మన బీటెక్ బ్యాచ్‌కు ఆ డాలర్ తాత ఎవరో తెలిసుండాలి కదా.

సరే, ఆ నాణేనికీ మనకూ ఏం సంబంధం? 17వ శతాబ్దంలో ఇలాంటి నాణేలు పెట్టెలకు పెట్టెలు మచిలీపట్నం రేవులో దిగేవి. అన్నీ పొటోసీవే కావు, మెక్సికో వెండి ఉండేది, స్పెయిన్‌లోని సెవిల్లే టంకశాల నాణేలు కూడా ఉండేవి. పొటోసీ వెండి ముందు స్పెయిన్ చేరేది, అక్కడి నుంచి అప్పులకు, యుద్ధాలకు, సరుకులకు చేతులు మారుతూ ఆమ్‌స్టర్‌డామ్, లండన్ చేరేది. అక్కడ కంపెనీల ఓడలెక్కి ఆఫ్రికా చుట్టూ తిరిగి మన తీరానికి వచ్చేది. డచ్చోళ్లు 1605, 1606 ప్రాంతంలోనే మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. ఇంగ్లీషోళ్లు 1611లో దిగారు. అప్పుడు యూరప్ దగ్గర మనకు అమ్మడానికి పెద్దగా ఏం లేదు. వాళ్ల ఉన్ని బట్టలు మన ఎండలో ఎవడు కట్టుకుంటాడు? అందుకే వెండి తెచ్చారు. తెచ్చి మన నేతగాళ్ల దగ్గర చిరివేరు ఎర్రరంగు అద్దిన బట్టలు, కలంకారీ కొన్నారు. ఆ బట్టల్ని ఇండోనేషియా దీవులకు తీసుకుపోయి మిరియాలు, లవంగాలు, జాజికాయ కొన్నారు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. మన గోల్కొండ రాజ్యంలో పెద్ద బేరాలు నడిచింది వెండితో కాదు, బంగారు వరహాతో. కాబట్టి రియాళ్లు దిగగానే షరాబులు తూచి, గీసి చూసి, కమీషన్ పట్టుకొని వరహాలిచ్చేవాళ్లు. ఆ వరహాలు పట్టుకొని కొందరు బట్టల కోసం నేతగాళ్ల ఊళ్లకు పోతే, ఇంకొందరు కృష్ణ ఒడ్డు పట్టుకొని పైకి నడిచారు. కొల్లూరు గనికి.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర వజ్రాలు అనగానే అందరూ అడిగేది ఒకటే, కోహినూర్ ఎప్పుడు వెనక్కి వస్తుందని. న్యాయమైన ప్రశ్నే, కాదనను. 1849లో లాహోర్ ఒప్పందం పేరుతో చిన్నపిల్లాడైన దలీప్ సింగ్ దగ్గర లాక్కున్నారు. కానీ ఆ రాయిగానీ, అలాంటి ఇంకో రాయిగానీ మట్టిలోంచి బయటికి తీసినోళ్లకు ఎంత ముట్టింది అని అడిగినోళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఇంకో మాట. గోల్కొండ కోటలో వజ్రాల గని లేదు. కోట చూడ్డానికి పోయి గని ఎక్కడన్నా అని వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. గోల్కొండ మార్కెట్టు. సానపట్టడం, అమ్మడం కార్వాన్ వైపు జరిగేది. గనులు మాత్రం దూరంగా కృష్ణా, పెన్నా పరివాహకంలో ఉండేవి. అందులో పెద్ద పేరున్నది కొల్లూరు, ఇప్పటి పల్నాడు జిల్లాలో కృష్ణ కుడి ఒడ్డున. లూయీ 14 కొన్న పెద్ద నీలం వజ్రం, ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో హోప్ డైమండ్‌గా ఉన్నది, ఇక్కడి రాయి నుంచే వచ్చిందని ఎక్కువమంది నమ్మకం.

కొల్లూరు గురించి మనకు వివరంగా చెప్పినోళ్లలో ఇద్దరు ముఖ్యం. ఒకడు విలియం మెత్‌వోల్డ్, మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి. 1620ల మొదట్లో గనికి పోయి చూశాడు, అతని రాత 1626లో అచ్చయింది. రెండోవాడు టావెర్నియే, ఫ్రెంచి నగల వ్యాపారి. గోల్కొండ వైపు చాలాసార్లు వచ్చాడు, అతని పుస్తకం 1676లో పారిస్‌లో వచ్చింది. గమనించండి, ఇద్దరూ కొనేవాళ్లే.

గని ఎలా దొరికిందో ఇద్దరూ చెరో కథ చెప్తారు. మెత్‌వోల్డ్ కథలో మేకలు కాసేవాడి కాలికి మెరిసే రాయి తగులుతుంది, కాసిని బియ్యానికి అమ్మేస్తాడు. టావెర్నియే కథలో ఒక బీదరైతు చిరుధాన్యం విత్తుదామని నేల తవ్వుతుంటే 25 క్యారెట్ల రాయి బయటపడుతుంది. ఇప్పుడు పొటోసీ కథ వినండి. 1545లో దియేగో వాల్పా అనే స్థానికుడు కొండ మీద ఉండగా వెండి కంటపడింది. తప్పిపోయిన లామాను వెతుక్కుంటూ పోయాడని ఒక కథ. రాత్రి మంట వేసుకుంటే పొద్దున్నే రాళ్లలోంచి వెండి కరిగి కనిపించిందని ఇంకో కథ. చూశారా, ప్రపంచానికి ఆ చివరా ఈ చివరా గని కథ మొదట్లో ఒక పేదవాడు ఉంటాడు, రెండో పేజీకి వాడు కనబడడు.

కొల్లూరులో పని ఎలా జరిగిందో చూద్దాం. నాకు బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ఇందులో ప్రతి పనీ మన ఇళ్లల్లో చూసిన పనే. ముందు పూజ. గని పట్టిన వ్యాపారి, అతని బంధువులు, కూలీలు అందరూ కలిసి ఒక రాతి విగ్రహం పెట్టి మూడుసార్లు సాష్టాంగపడతారు. పూజారి ప్రతి ఒక్కరి నుదుట కుంకుమపువ్వు, జిగురు కలిపిన ముద్ద పెట్టి దాని మీద ఏడో ఎనిమిదో బియ్యపు గింజలు అంటిస్తాడు. తర్వాత పంక్తి భోజనం, కుట్టిన విస్తరాకుల్లో. ప్రతి ఒక్కరికీ చిన్న గిన్నెలో కరిగిన నెయ్యి. ఇదంతా ఒక పారిస్ నగల వ్యాపారి పక్కన నిలబడి చూసి రాసుకున్నాడంటే నాకు భలే అనిపించింది.

పూజ అయ్యాక తవ్వకం. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగులు పోగానే నీళ్లు పడతాయి. అంతకంటే లోతుకు పోరు. ఆ నీళ్లనే తోడి, రెండడుగుల గోడ కట్టిన మడిలో మట్టి పోసి నానబెడతారు. బురదను గోడ కంతల్లోంచి వదిలేస్తే ఇసుక, రాళ్లు మిగులుతాయి. ఎండబెడతారు. చేటలతో చెరుగుతారు, అచ్చం వడ్లు చెరిగినట్టు. గడ్డలుంటే పెద్ద పెద్ద రోకళ్లతో దంచుతారు, మళ్లీ చెరుగుతారు. చివరికి అందరూ వరసగా కూర్చుని చేత్తో ఏరుతారు. మెత్‌వోల్డ్ ఇంకో సంగతి రాశాడు. మట్టి పైకి తీయడానికి గిలకలు, యంత్రాలు లేవట. ఒకరి పైన ఒకరు కూర్చుని చేతి మీదుగా చేతికి అందించడమే. మనిషి చవకైతే మెషిన్‌తో పనేముంది? ఇంజినీర్‌గా నాకు ఇది చిన్న వివరంలా అనిపించలేదు, ఆ గని ఆర్థికమంతా ఆ మెట్ల మీదే కూర్చుని ఉంది.

ఎంతమంది? మెత్‌వోల్డ్ చూసినప్పుడు దాదాపు 30,000. టావెర్నియే కాలానికి 60,000, ఆడ, మగ, పిల్లలు కలిపి. వాళ్లు చేత్తో లెక్కపెట్టి రాసిన అంకెలేం కావు, కానీ ఒక ఏటి ఒడ్డున ఊళ్లకు ఊళ్లే గుంతల్లో దిగి ఉన్నాయని అర్థమవుతుంది.

ఇప్పుడు కూలి. టావెర్నియే ఇంకో గని గురించి రాశాడు, అతని రాతలో రావల్కొండ. కర్నూలు దగ్గరి రామళ్లకోట అని చాలామంది గుర్తిస్తారు. అక్కడ పని బాగా తెలిసిన మనిషికి కూడా కూలి ఏడాదికి మూడు వరహాలు. ఏడాదికి, నెలకు కాదు. వరహా బరువు మూడున్నర గ్రాముల లోపే. అంటే మూడు కలిపితే మన భాషలో ఒక తులం అటూఇటూ, అదీ మేలిమి బంగారం కాదు. పైగా గని చుట్టూ పంట లేని నేల, తిండిగింజలన్నీ బయటి నుంచి రావాల్సిందే, అందుకే ధరలు మండిపోయేవని మెత్‌వోల్డ్ అంటాడు.

ఒక లెక్క వేద్దాం. మెత్‌వోల్డ్ చెప్పిన ప్రకారం గనిని ఒక కంసాలి కులపాయన ఏడాదికి 3,00,000 వరహాలకు ఇజారాకు తీసుకున్నాడు. పది క్యారెట్లు దాటిన రాళ్లన్నీ సుల్తాన్‌వే. కూలీలు 30,000 మంది, తలా మూడు వరహాలు వేసుకుంటే 90,000. రెండు గనులు, రెండు కాలాలు కలిపి వేసిన లెక్క ఇది, పైసల దాకా పట్టుకోకండి. అయినా సైజు అర్థమవుతుంది. గుంతల్లో ఉన్న మొత్తం జనం కూలికి మూడు రెట్లకు పైగా ఒక్క ఇజారా డబ్బే. దాని మీద పెద్ద రాళ్లు వేరే. టావెర్నియే కాలంలో అయితే ప్రతి కొనుగోలు మీద రాజుకు రెండు శాతం.

మరి దొంగతనం చేయరా అంటే, చేసేవాళ్లు. గోచి తప్ప ఒంటి మీద ఏం ఉండనిచ్చేవాళ్లు కాదు, అందుకని రాయిని మింగేసేవాళ్లు. యాభై మంది కూలీలకు పన్నెండు, పదిహేను మంది కాపలా. సగటున నలుగురికి ఒక్కడు! నేను పనిచేసిన ఆఫీసులో కూడా మేనేజర్లు ఈ రేషియోలో లేరు. ఇక నిజాయితీగా పెద్ద రాయి తెచ్చి ఇస్తే? ఏడెనిమిది మంజాళ్ల బరువు దాటితే (మంజాడి గింజ తూకం అది) మేస్త్రీ ఒక సరోపా ఇచ్చేవాడు. సరోపా అంటే పేరు గొప్ప, నిలువెత్తు గౌరవ వస్త్రం. ఇక్కడ మాత్రం తలకు చుట్టుకునే నూలు గుడ్డ. దాంతో అరవరహానో వరహానో, ఒక్కోసారి అన్నం, చక్కెర.

గుంత గట్టు మీద ఇంకో ప్రపంచం. రావల్కొండలో పది నుంచి పదహారేళ్ల వ్యాపారుల పిల్లలు పొద్దున్నే చెట్టు కింద కూర్చునేవాళ్లు. నడుముకు త్రాసు, ఇంకోపక్క ఐదారు వందల వరహాల సంచి. రాయి తెస్తే చూసి, ధర కట్టి, కొనేసి, సాయంత్రానికి లాభం పంచుకునేవాళ్లు. పెద్దల బేరాలు మాట లేకుండా జరిగేవి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, గుడ్డ కింద చెయ్యి పట్టుకుంటారు. అరచెయ్యి మొత్తం పట్టి నొక్కితే వెయ్యి, ఒక వేలు పడితే వంద, సగం వేలు యాభై, వేలి కొస పది. చుట్టూ పదిమంది నిలబడ్డా ధర ఎవరికీ తెలీదు. ఆ చెట్టు కింద కూర్చున్న పిల్లాడి సంచిలో ఉన్నది గుంతలో ఉన్న మనిషి నూటయాభై ఏళ్లకు పైగా కూలి.

ఇక సముద్రం అవతలికి పోదాం. పొటోసీలో కూలి పద్ధతి వేరు. 1570లలో స్పెయిన్ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదో అక్కడ ‘మీతా’ పెట్టాడు. కెచువా భాషలో మీతా అంటే వంతు. ఇంకా రాజుల కాలం నుంచి ఉన్న పద్ధతే. రోడ్లకు, వంతెనలకు ఊరిలో కొందరు వంతులవారీగా పనిచేయడం. తొలేదో దాన్ని గనికి తిప్పాడు. పదహారు మండలాల్లోని మగవాళ్లలో ఏడుగురికి ఒకరు చొప్పున, ఏడాదికి దాదాపు 13,500 మంది పొటోసీకి నడిచి రావాలి. కొందరికి నెలల నడక. పెళ్లాం, పిల్లలు, లామాలు, తిండి, అన్నీ మోసుకొని. ఒక వారం గనిలో, రెండు వారాలు బయట. కూలి ఇచ్చేవాళ్లు, కానీ దాంతో పొటోసీలో బతకడం కుదరదు, ఆ బయటి రెండు వారాలు కూడా మళ్లీ కూలికి పోవాల్సిందే. మన తెలంగాణ వాళ్లకు ‘వెట్టి’ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు కదా. వెట్టికి డబ్బులుండవు, మీతాకు పేరుకు ఉండేవి, తేడా అంతే అనుకోవచ్చు.

లోపల పని మరీ ఘోరం. కొల్లూరులో పద్నాలుగు అడుగులు, ఇక్కడ కొండ కడుపులోకి వందల అడుగులు. తోలు నిచ్చెనల మీద, బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకొని, వీపున మూట వేసుకొని ఎక్కాలి. ఆకలి, అలసట తెలియకుండా కోకా ఆకు నములుతారు. పైకి వచ్చిన రాయిని నీటిమరల్లో పిండి చేసి, పాదరసం కలిపి తొక్కి, కాల్చి వెండి తీసేవాళ్లు. ఆ పాదరసం వాంకావెలికా అనే ఇంకో గని నుంచి వచ్చేది. అక్కడ పనిచేస్తే చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, ఊపిరి పోయేది. యూట్యూబ్‌లో చాలాచోట్ల పొటోసీలో 80 లక్షల మంది చచ్చిపోయారని వింటారు. దానికి గట్టి లెక్కల ఆధారం లేదు, నేను ఆ అంకె వాడను. మీతా తప్పించుకోడానికి జనం ఊళ్లే వదిలి పారిపోయారని మాత్రం స్పెయిన్ అధికారులే మళ్లీ మళ్లీ రాసుకున్నారు. అది చాలు.

అంటే మనది మంచి, వాళ్లది చెడ్డ అంటున్నానా? అలా అనడానికి మనసు ఒప్పదు. కొల్లూరుకు జనాన్ని రాజాజ్ఞతో వంతులేసి తోలలేదు, కూలికి వచ్చారు. అది పెద్ద తేడానే. కానీ ఏడాదికి తులం కోసం పిల్లల్ని వెంటేసుకుని మట్టి మోసేవాళ్లను ఏది తోలింది? ఆకలి తోలితే దానికి వైస్రాయ్ సంతకం అక్కర్లేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే తేడా ఇంకొకటుంది. ఆండీస్‌లో గువామన్ పోమా అనే స్థానికుడు ఉన్నాడు. 1615 నాటికి స్పెయిన్ రాజుకు దాదాపు 1,200 పేజీల ఉత్తరం లాంటి పుస్తకం రాశాడు, దాదాపు 400 బొమ్మలతో. గని యజమానులు మనుషుల్ని ఎలా కొడుతున్నారో, పాదరసం గనిలో ఎలా చస్తున్నారో బొమ్మలేసి చూపించాడు. రాజు చూశాడో లేదో గానీ, 1908లో ఆ పుస్తకం కోపెన్‌హాగెన్ లైబ్రరీలో బయటపడింది. ఇప్పుడు మీ ఫోన్లో చూడొచ్చు. మనకు కొల్లూరు కూలీ గొంతు అలా చేరలేదు. మనకు తెలిసింది ఒక కంపెనీ ఉద్యోగి, ఒక నగల వ్యాపారి చూసి రాసింది. రాయి బరువు గింజతో సహా రాశారు, రాయి తీసిన మనిషి పేరు రాయలేదు.

తర్వాతి కథ తొందరగా చెప్తా. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్నాడు. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికాయి, యూరప్ వ్యాపారులు అటు తిరిగారు. అక్కడ తవ్వింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. కొల్లూరు మెల్లగా ఖాళీ అయ్యింది, గుంతలు పూడిపోయాయి. పొటోసీలో మీతా 19వ శతాబ్దం మొదట్లో పోయింది, 1825లో బొలీవియా స్వతంత్ర దేశమైంది. కానీ ఆ కొండను ఇంకా తవ్వుతూనే ఉన్నారు. సహకార సంఘాల కూలీలు లోపల ‘తియో’ అనే మట్టిబొమ్మకు కోకా ఆకు, సారా పెట్టి పనిలో దిగుతారు. కొల్లూరు రాతి విగ్రహం గుర్తొచ్చిందా? ఐదొందల ఏళ్లు తవ్విన ఆ కొండ శిఖరం ఇప్పుడు కుంగుతోంది. 2014లో యునెస్కో ఆ ఊరిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది.

మన దగ్గర కూడా తవ్వకం ఆగలేదు, రూపం మారింది. ప్రతి ఏడు తొలకరి వానలు పడగానే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో, అనంతపురం వైపు వజ్రకరూరులో జనం తలలు వంచుకొని నడుస్తుంటారు. వాన మట్టిని కడిగితే రాయి మెరుస్తుందని. పక్క జిల్లాల నుంచి కూడా వచ్చి చెట్ల కింద వండుకుతింటారు. దొరికితే గుట్టుగా స్థానిక వ్యాపారికి అమ్మేస్తారు. తర్వాత పేపర్లో వార్త వస్తుంది, ఫలానా రైతుకు లక్షల వజ్రం అని. ఆ రాయి బయట ఎంతకు పోయిందో మాత్రం వార్తలో ఉండదు. గుడ్డ కింద చెయ్యి ఇంకా అలాగే ఉందన్నమాట.

మరి కొల్లూరు? పోయి చూద్దామంటే ఊరు లేదు. 2013 డిసెంబర్‌లో పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైంది, దాని ముంపులో పోయిన ఊళ్లలో కొల్లూరు ఒకటి. గూగుల్ మ్యాప్స్‌లో చూస్తే నీళ్లు కనిపిస్తాయి, కృష్ణ వెడల్పుగా సాగి ఉంటుంది. ఊరోళ్లు వేరే కాలనీలకు పోయారు. వాళ్ల ఇళ్లల్లో గుంతల గురించి, రాళ్లు ఏరడం గురించి తాతలు చెప్పిన మాటలేమన్నా మిగిలుంటే, ఈ వీడియో వాళ్లదాకా చేరితే, పేరు ఊరు అక్కర్లేదు, ఆ మాటలు వాయిస్ మెసేజ్‌లో చెప్పి పంపండి. వచ్చినవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేస్తా. వచ్చే వారం మాత్రం మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి వ్యాపారి కింద నౌకరుగా వచ్చి, గోల్కొండ గనులు చేతిలో పెట్టుకొని, చివరికి సుల్తాన్‌నే వదిలేసి మొగలుల వైపు దూకినోడు. అందాక ఉంటా మరి.